ఊపిరి ముందా, గుండె ముందా? – ఒక వైద్యుని పరిశోధన, ఒక పాలకుని విరాళం, మనకు ఒక పాఠం



మన వార్షిక సంచికలో వైద్య సహాయం కింద ఖర్చయిన మొత్తం ఒక వరుసలో ఉంటుంది. ఆ వరుస చూసి తృప్తిపడి పేజీ తిప్పేస్తాం. కరోనా వచ్చిన తరువాత మాత్రం ఆ వరుస గురించి చాలామంది ఆలోచించడం మొదలుపెట్టారు. ఆక్సిజన్ సిలిండర్, వెంటిలేటర్, ఐసీయూ వంటి మాటలు పెద్ద దవాఖానాల్లోనే కాదు, మన ఇళ్లలోనూ వినబడ్డాయి. ఫలానా ఊపిరితిత్తుల డాక్టర్ గారు గొప్ప పరిశోధకులట, రెండు వందల పరిశోధన పత్రాలు రాశారట అని చెప్పుకోవడమూ విన్నాం. పరిశోధన పత్రం అంటే ఏమిటి, అది రోగికి ఏ విధంగా ఉపయోగపడుతుంది, దానం ఇచ్చే మనకు దానితో పనేమిటి అని నన్ను కొందరు అడిగారు. నేను డాక్టరును కాను, పంతులును. పిల్లలకు సైన్సు పాఠం చెప్పినట్టే, మన హైదరాబాద్ రాజ్యంలో జరిగిన ఒక నిజమైన ఉదంతంతో చెప్పే ప్రయత్నం చేస్తాను. అప్పుడు నల్లగొండ, పాలమూరు రెండూ ఆ రాజ్యంలో భాగాలే. ఆ పరిశోధనకు డబ్బు ఇచ్చింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం. 1890లో పాలమూరుకు మహబూబ్‌నగర్ అని పేరు వచ్చింది ఆయన పేరు మీదనే.

క్లోరోఫాం తెచ్చిన మేలు, భయం

నూట ఎనభై ఏళ్ల క్రితం వరకు శస్త్రచికిత్స అంటే రోగిని నలుగురు గట్టిగా పట్టుకోవడమే. 1846లో అమెరికాలో ఈథర్ మత్తు, 1847 నవంబరులో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో జేమ్స్ సింప్సన్ అనే వైద్యుని చేతుల మీదుగా క్లోరోఫాం మత్తు వాడుకలోకి వచ్చాయి. గుడ్డ మీద కొన్ని చుక్కలు వేసి ముక్కు దగ్గర పెడితే కొద్ది నిమిషాల్లో రోగి స్పృహ తప్పుతాడు, నొప్పి తెలియదు. పెద్ద పరికరాలు అవసరం లేదు. వేడి దేశాల్లో ఈథర్ కంటే వాడటానికి సులభం. అందుకే మన దేశంలో క్లోరోఫాం త్వరగా వ్యాపించింది.

అయితే మొదటి నుంచీ ఒక భయం వెంటాడింది. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అనే పదిహేనేళ్ల అమ్మాయికి కాలి గోరు తీయడానికి క్లోరోఫాం ఇచ్చారు. రెండు మూడు నిమిషాల్లోనే ఆమె చనిపోయింది. చిన్న చికిత్సకు వచ్చిన ఆరోగ్యవంతురాలైన పిల్ల. ఇలాంటి మరణాలు తరువాత ఎన్నో జరిగాయి.

ఎందుకు చనిపోతున్నారు? వైద్యలోకం రెండుగా చీలిపోయింది. లండన్‌లోని జాన్ స్నో, ఆయనను అనుసరించినవారు క్లోరోఫాం కొందరిలో గుండెను హఠాత్తుగా ఆపేస్తుంది, కాబట్టి నాడి మీద చెయ్యి ఉంచాలి అన్నారు. ఎడిన్‌బరోలోని జేమ్స్ సైమ్, ఆయన శిష్యులు దీనికి ఒప్పుకోలేదు. ముందు ఆగేది ఊపిరి, గుండె ఆ తరువాతనే ఆగుతుంది, కాబట్టి ఊపిరిని కనిపెట్టి ఉంటే చాలు అన్నారు.

ఇది వట్టి పండితుల వాదం కాదు. మత్తు ఇచ్చే మనిషి కళ్లు ఎక్కడ ఉండాలి, చెయ్యి ఎక్కడ ఉండాలి అన్నది దీని మీదే ఆధారపడుతుంది. చూడవలసిన చోట చూడకపోతే బల్ల మీది రోగి ప్రాణం పోతుంది.

హైదరాబాద్‌లో రెండు కమిషన్లు

ఎడ్వర్డ్ లారీ సైమ్ గారి శిష్యుడు. 1880ల మధ్యలో హైదరాబాద్‌కు రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చారు. 1846లో మొదలైన హైదరాబాద్ వైద్య పాఠశాల బాధ్యత కూడా ఆయనదే. ఆ పాఠశాలలో చాలాకాలం వైద్య విద్య ఉర్దూలో సాగింది, చదివి బయటికి వచ్చినవారికి హకీం పట్టా ఇచ్చేవారు. మన భాషల్లో సైన్సు చెప్పడం సాధ్యం కాదనేవారికి ఒక ఉపాధ్యాయునిగా నేను గుర్తుచేసే ఉదాహరణ ఇది. 1885లో అక్కడ అమ్మాయిలను కూడా చేర్చుకున్నారు. వారిలో ఒకరైన పార్శీ మహిళ రూపాబాయి ఫర్దూన్‌జీ తరువాత హైదరాబాద్ ఆసుపత్రుల్లో మత్తు వైద్యురాలిగా పనిచేశారు, 1909లో ఎడిన్‌బరో వెళ్లి పై చదువులు చదివారు. ప్రపంచంలోని తొలి మహిళా మత్తు వైద్యులలో ఆమె పేరు చెబుతారు.

లారీ తన గురువు మాట సరైనదని నమ్మారు. నమ్మకం ఒక్కటే చాలదని, ప్రయోగం చేసి చూపించాలని 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ ఏర్పాటు చేయించారు. కుక్కలకు క్లోరోఫాం ఇచ్చి ఏది ముందు ఆగుతుందో గమనించారు. ప్రతిసారీ ముందు ఊపిరి ఆగింది, గుండె ఆ తరువాత ఆగింది అని నివేదిక వచ్చింది.

లండన్ నుంచి వెలువడే ‘లాన్సెట్’ అనే ప్రసిద్ధ వైద్య పత్రిక దీనిని అంగీకరించలేదు. మరొకరైతే కోపం తెచ్చుకుని ఊరుకునేవారేమో. నిజాం ప్రభుత్వం చేసిన పని చూడండి. మా ప్రయోగాలు మీకు నమ్మకం కలిగించకపోతే మీ మనిషినే పంపండి, మా ఊళ్లో మీ ఎదుటే మళ్లీ చేస్తాం, ఖర్చుకు వెయ్యి పౌండ్లు మేమిస్తాం అని ప్రతిపాదించింది. ఆ కాలంలో అది చాలా పెద్ద మొత్తం. విమర్శించినవారినే పరీక్షకునిగా పిలిచి, దారిఖర్చులు కూడా భరించడం ఈనాటికీ అరుదైన పద్ధతి.

లాన్సెట్ పత్రిక లండన్ నుంచి సర్ థామస్ లాడర్ బ్రంటన్‌ను పంపింది. గుండె మీద పనిచేసే మందుల విషయంలో ఆయన ఆ రోజుల్లో ఇంగ్లండులోనే పెద్ద పేరున్నవారు. బయలుదేరేటప్పుడు ఆయన అభిప్రాయం లారీ అభిప్రాయానికి వ్యతిరేకమే. 1889 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు రెండో కమిషన్ పనిచేసింది. లారీ, బ్రంటన్‌లతో పాటు బాంఫర్డ్ అనే సైనిక వైద్యుడు, హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రుస్తుంజీ అందులో ఉన్నారు.

ఈసారి నాలుగు వందలకు పైగా జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. కుక్కలే కాదు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు, గుర్రాలు కూడా ఉన్నాయి. వందకు పైగా ప్రయోగాల్లో రక్తపోటును, ఊపిరిని యంత్రంతో నమోదు చేశారు. మసి పట్టించిన కాగితం చుట్టిన డోలు నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, దాని మీద సన్నని ముల్లు గీత గీస్తుంది. ఈ రోజు ఐసీయూలో రోగి మంచం పక్కన తెర మీద పరుగెత్తే గీతలకు ఇది ముత్తాత అనుకోవచ్చు. ఫలితం మళ్లీ అదే. రక్తపోటు నెమ్మదిగా తగ్గుతుంది, ఊపిరి ఆగుతుంది, ఆ తరువాతే గుండె ఆగుతుంది. ఊపిరి ఆగిన వెంటనే క్లోరోఫాం తీసివేసి కృత్రిమంగా శ్వాస అందిస్తే చాలా జంతువులు బతికాయి. బ్రంటన్ తన అభిప్రాయం మార్చుకున్నారు. 1890లో లాన్సెట్‌లో నివేదిక అచ్చయింది. హైదరాబాద్ పేరు ప్రపంచ వైద్యలోకమంతా తెలిసింది. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది 1897లో. దానికి కొన్నేళ్ల ముందే మన ప్రాంతంలో ఇంత పెద్ద పరిశోధన జరిగింది.

ఏది నిలిచింది, ఏది నిలవలేదు

కథ ఇక్కడితో ఆగితే గొప్పలు చెప్పుకుని సంతోషించవచ్చు. కానీ సైన్సు అక్కడ ఆగలేదు.

క్లోరోఫాం గుండెను ఎప్పుడూ నేరుగా దెబ్బతీయదు అన్న లారీ తీర్మానం తప్పని తరువాత తేలింది. 1893లో గాస్కెల్, షోర్ అనే ఇద్దరు ఇంగ్లండు శాస్త్రజ్ఞులు ఒక జంతువు మెదడుకు మరో జంతువు రక్తం అందేలా ఏర్పాటు చేసి, మెదడుతో సంబంధం లేకుండా క్లోరోఫాం గుండె మీదనే పనిచేసి రక్తపోటు తగ్గిస్తుందని చూపించారు. 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు అసలు చిక్కు విప్పారు. మత్తు ఎక్కువైనప్పుడు కాదు, తక్కువగా ఉన్నప్పుడు, రోగి భయంతోనో నొప్పితోనో ఉలిక్కిపడినప్పుడు శరీరంలో అడ్రినలిన్ ఒక్కసారిగా పెరుగుతుంది. క్లోరోఫాం, అడ్రినలిన్ రెండూ కలిస్తే గుండె క్రమం తప్పి గిలగిల కొట్టుకుని ఆగిపోతుంది. హన్నా గ్రీనర్ వంటివారు మొదటి నిమిషాల్లోనే చనిపోవడానికి ఇది సరిపోయే కారణం.

మరి నాలుగు వందల జంతువుల మీద ప్రయోగం చేసిన కమిషన్‌కు ఇది ఎందుకు కనబడలేదు? కమిషన్ అడిగిన ప్రశ్న వేరు. వారు జంతువులకు క్లోరోఫాం ఎక్కువగా, ఆపకుండా ఇచ్చి, చనిపోయేటప్పుడు ఏది ముందు ఆగుతుందో చూశారు. మోతాదు మించితే ముందు ఊపిరే ఆగుతుంది. ఆ జవాబు నిజమే. కానీ బల్ల మీద చనిపోతున్నవారిలో చాలామంది మోతాదు మించి చనిపోవడం లేదు. నా విద్యార్థులకు నేను తరచూ చెప్పే మాట ఇక్కడ సరిపోతుంది: లెక్క తప్పు లేకుండా చేశావు, కానీ అడిగిన లెక్క ఇది కాదు. జంతువుల సంఖ్య వంద నుంచి నాలుగు వందలకు పెరిగినా, ప్రశ్న మారకపోతే జవాబు మారదు.

అందుకని నిజాం ప్రభుత్వం ఇచ్చిన వెయ్యి పౌండ్లు వృథా అయ్యాయా? కాలేదని నా అభిప్రాయం. ఊపిరిని క్షణక్షణం కనిపెట్టాలి, ఊపిరి ఆగితే ఆ క్షణంలోనే శ్వాస అందించాలి అన్న పాఠం నిలిచింది. మత్తు ఇచ్చే వైద్యుడు నాడిని, ఊపిరిని రెండింటినీ చూడాలన్నది నేటి నియమం. కమిషన్ రాసిపెట్టిన లెక్కలు, గీతలు అచ్చులో ఉన్నాయి గనుకే తరువాతివారు వాటిని పరిశీలించి లోపం ఎక్కడుందో చెప్పగలిగారు. దాచిపెట్టిన పరిశోధనలో తప్పు కూడా దాగిపోతుంది. లారీ తన అభిప్రాయాన్ని చివరి వరకు వదులుకోలేదు. కానీ ఆయన వదిలిపెట్టిన రికార్డు ఆయన అభిప్రాయం కంటే ఎక్కువ కాలం పనికివచ్చింది.

చేతితో ఊపిరి అందించిన విద్యార్థులు

ఊపిరి ఆగిన మనిషికి ఊపిరి అందించి బతికించడం అనే ఆలోచన 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లో ఒక వైద్య విభాగంగా మారింది. ఆ ఏడాది అక్కడ పోలియో విపరీతంగా వచ్చింది. ఊపిరి కండరాలు పడిపోయినవారు ఆసుపత్రికి రోజూ వస్తున్నారు. మొదటి మూడు వారాల్లో యంత్రాల సాయంతో చికిత్స పొందిన 31 మందిలో 27 మంది చనిపోయారు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు ఆపరేషన్ గదిలో తాము రోజూ చేసే పనినే వార్డులో చేద్దామన్నారు. గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం వేసి, దానికి రబ్బరు సంచి తగిలించి, చేతితో నొక్కుతూ గాలి పంపాలి.

రోజుకు ఇరవై నాలుగు గంటలు, వారాల తరబడి నొక్కేది ఎవరు? దాదాపు పదిహేను వందల మంది విద్యార్థులు వంతులవారీగా కూర్చున్నారు. మరణాలు వందకు ఎనభైకి పైగా ఉన్నవి క్రమంగా దాదాపు ఇరవై అయిదుకు తగ్గాయి. విషమ స్థితిలో ఉన్నవారందరినీ ఒకే చోట ఉంచి, రాత్రింబగళ్లు కనిపెట్టి ఉండే వార్డును ఇబ్సెన్ 1953 డిసెంబరులో ప్రారంభించారు. ఈనాటి ఐసీయూకు అదే మొదలు. ఆ సంచి రూపం మార్చుకుని ‘అంబు బ్యాగు’గా మన 108 అంబులెన్సులోకి వచ్చింది. వెంటిలేటర్ చేసేది కూడా అదే పని, చేతికి బదులు యంత్రం.

యంత్రం వచ్చిన తరువాత మరో ప్రశ్న వచ్చింది. ఎంత గాలి పంపాలి? దెబ్బతిన్న ఊపిరితిత్తులకు ఎక్కువ గాలి పంపితే మంచిదని చాలాకాలం అనుకున్నారు. అమెరికాలోని అనేక ఆసుపత్రులు కలిసి 861 మంది రోగులను చీటీ తీసినట్టు రెండు జట్లుగా విడదీసి పరీక్షించాయి. ఒక జట్టుకు పాత పద్ధతిలో, ఎత్తును బట్టి లెక్కకట్టిన బరువులో కిలోకు 12 మిల్లీలీటర్ల చొప్పున, మరో జట్టుకు అందులో సగం, అంటే 6 మిల్లీలీటర్ల చొప్పున గాలి పంపారు. 2000 సంవత్సరంలో ఫలితం వచ్చింది. పాత పద్ధతిలో మరణాలు 39.8 శాతం, కొత్త పద్ధతిలో 31.0 శాతం. కొత్త మందు లేదు, కొత్త యంత్రం లేదు. ఒక మీట తిప్పడంలో మార్పు. వందకు తొమ్మిది ప్రాణాలు. మంచి పరిశోధన అంటే ఇది.

మన చేలల్లో, మన ఇళ్లలో

ఇదంతా దూరపు విషయంగా అనిపించవచ్చు. కానీ ఊపిరి ముందు ఆగే మరణాలు మన జిల్లాల్లో ఎక్కడ జరుగుతాయో అందరికీ తెలుసు. ఒకటి పురుగుమందు, రెండు పాముకాటు.

పత్తి చేలకు కొట్టే మందుల్లో ఆర్గానోఫాస్ఫరస్ జాతి మందులు నరాలకూ కండరాలకూ మధ్య కబురు ఆగకుండా చేస్తాయి. నోటి నుంచి చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది, కనుపాప సూది మొనంత అవుతుంది, ఊపిరి కండరాలు సడలిపోతాయి. అట్రోపిన్ ఇంజెక్షన్ ఆ నీటిని ఆరబెడుతుంది. కానీ సడలిన కండరానికి బలం ఇవ్వదు. 1987లో శ్రీలంకకు చెందిన సేనానాయకే, కరల్లియెద్దె అనే ఇద్దరు వైద్యులు ఒక విషయం గమనించి రాశారు. మొదటి గండం గడిచి, రోగి మాట్లాడుతూ ఉండగా, ఒకటి నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మెడ కండరాలు బలహీనపడి, తరువాత ఊపిరి ఆగుతుంది. రోగి దిండు మీద నుంచి తల ఎత్తలేకపోవడం దానికి గుర్తు. వాళ్లు గమనించింది పదిమంది రోగులనే. అయినా ‘బాగున్నాడు కదా, ఇంటికి తీసుకుపోదాం’ అనే మాటకు ఆ చిన్న పత్రం ఎంతో మందిని కాపాడే జవాబు.

మన తెలంగాణలోనే వరంగల్ మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి రికార్డులు తిరగవేసి చేసిన పరిశోధన ఒకటి 2005లో అచ్చయింది. 1997 నుంచి 2002 వరకు పురుగుమందు విషంతో చేరినవారు 8040 మంది. అందులో చనిపోయినవారు 22.6 శాతం. అంటే నలుగురైదుగురిలో ఒకరు. 2002లో మందు పేరు తెలిసిన మరణాల్లో ఎక్కువ భాగం మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ అనే రెండే మందుల వల్ల. కొత్త యంత్రం కనిపెట్టకుండా, పాత రిజిస్టర్లు ఓపికగా చదివి చేసిన పని ఇది. వార్డులో చికిత్స మెరుగుపడాలి, దానితో పాటు ఆ రెండు మందులు దుకాణంలో దొరకకుండా చేస్తే ఇంకా ఎక్కువమంది బతుకుతారు అని అది చూపింది. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది.

కట్లపాము సంగతి వేరు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, వాపు ఉండదు. తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, మింగలేరు, ఊపిరి తగ్గుతుంది. చూసేవారికి చనిపోయినట్టే కనబడవచ్చు, కానీ గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. విరుగుడు ఇంజెక్షన్ తప్పనిసరిగా ఇవ్వాలి. అయితే కండరాలు అప్పటికే పడిపోయి ఉంటే, అవి కోలుకునే దాకా కొన్ని రోజులు ఊపిరి అందించడమే ప్రాణం నిలుపుతుంది. నేను పనిచేసిన ఒక హైస్కూలులో ఎనిమిదో తరగతి పిల్లవాడు పన్నెండు రోజులు బడికి రాలేదు. వాళ్ల నాన్నను కట్లపాము కరిచింది. అంబులెన్సులో దారి పొడుగునా చేతితో సంచి నొక్కుతూ తెచ్చారట, తరువాత వెంటిలేటర్ మీద అయిదు రోజులు ఉంచారట. పిల్లవాడు మళ్లీ బడికి వచ్చి, “మా నాయిన గుండె బాగనే ఉండె సార్, ఊపిరొక్కటే లేకుండె” అన్నాడు. లారీ గారి కమిషన్ సారాంశమంతా ఆ పిల్లవాడు ఒక్క మాటలో చెప్పాడు.

ఇలాంటప్పుడు ఇంట్లోవారు చేయవలసింది తక్కువే. 108కి ఫోన్ చేయాలి. విషం తాగినవారికి ఉప్పునీళ్లు, పేడనీళ్లు తాగించి వాంతి చేయించకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మందు పడ్డ బట్టలు తీసి ఒళ్లు కడగాలి. పాము కరిచినచోట కోయకూడదు, తాడుతో బిగించకూడదు, మంత్రగాని దగ్గర సమయం పోగొట్టకూడదు.

డాక్టరు గారి పరిశోధనను చదవడం ఎలా?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఫలానా వైద్యునికి ఇన్ని పత్రాలు ఉన్నాయి అంటే ఏమనుకోవాలి? పత్రాలన్నీ ఒకటి కాదు. ఒక్క అరుదైన రోగి గురించి రాసినది ఒక రకం. కొంతమంది రోగులను గమనించి రాసినది ఇంకో రకం, శ్రీలంక వైద్యులు చేసినది ఇదే. పాత రికార్డులు లెక్కపెట్టి రాసినది మరొకటి, వరంగల్‌లో జరిగినది అది. రోగులను రెండు జట్లుగా విడదీసి పోల్చి చూసినది అన్నిటికంటే బలమైనది. ఇతరులు రాసినవాటిని సమీక్షించినది వేరే. ప్రతిదానికీ దాని ఉపయోగం ఉంది. సంఖ్య చూసి బరువు నిర్ణయించకూడదు.

పోల్చడం ఎందుకు అవసరమో కరోనా కాలమే నేర్పింది. 2020లో ఇంగ్లండులో వేలమంది రోగుల మీద డెక్సామెథసోన్ అనే చవకైన మందును పరీక్షించారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ మాత్రమే అవసరమైనవారికి కొంత మేలు జరిగింది. ఆక్సిజన్ అవసరమే లేనివారికి మేలు కనబడలేదు. ఒకే మందు, ఒకే జబ్బు, మేలు మాత్రం రోగి స్థితిని బట్టి ఉంటుంది. పొరుగింటాయనకు ఇచ్చారని మొదటి రోజే ఇంట్లో ఆ మాత్రలు మింగినవారు ఈ చివరి వాక్యం చదవలేదు.

కాబట్టి ఒక వైద్యుని పరిశోధన గురించి విన్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఆయన అడిగిన ప్రశ్న రోగికి నిజంగా వచ్చే కష్టమేనా? దేనితో పోల్చి చూశారు? లెక్కపెట్టింది యంత్రం తెర మీది అంకెనా, బతికి ఇంటికి వెళ్లిన మనుషులనా? ఇతరులు మళ్లీ చేసి చూసినప్పుడు అదే ఫలితం వచ్చిందా? హైదరాబాద్ కమిషన్ నాలుగో పరీక్షకు ధైర్యంగా నిలబడింది, మొదటి పరీక్షలో తడబడింది.

దాతలుగా మనం అడగవలసినవి

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇదివరకు హైదరాబాద్ దారిలో పోయే ప్రాణాలు కొన్నయినా ఇప్పుడు ఇక్కడే నిలిచే అవకాశం ఉంది. ఇలాంటి సమయంలో మన సహాయం సరైన చోట పడాలి.

2021లో రెండో విడత కరోనా వచ్చినప్పుడు ఎంతోమంది దాతలు ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్లు ఇచ్చారు. అల్లాహ్ వారికి ప్రతిఫలం ఇవ్వాలి. కానీ తరువాత ఒక చోట ఆ యంత్రాలు నాలుగు, గది మూలన దుప్పటి కప్పి ఉండటం నా కళ్లతో చూశాను. ఫిల్టరు మార్చేవారు లేరు. యంత్రం మీద దాత పేరు మాత్రం చెక్కుచెదరలేదు. వెంటిలేటర్ కూడా అంతే. దాన్ని నడిపే నర్సు, కరెంటు, ఆక్సిజన్, ఏటేటా మరమ్మతు లేకపోతే అది ఖరీదైన ఇనుప పెట్టె. కోపెన్‌హేగన్‌లో ప్రాణాలు నిలిపింది రబ్బరు సంచి ఒక్కటే కాదు, దాన్ని నొక్కుతూ కూర్చున్న పదిహేను వందల జతల చేతులు.

అందుకని నా మనవి ఇది. యంత్రం ఇచ్చేటప్పుడు దాని మరమ్మతుకు, ఫిల్టర్లకు కూడా కొంత సొమ్ము అదే రోజు పక్కన పెట్టండి. పెద్ద యంత్రం కొనలేనప్పుడు చిన్నవాటిని తక్కువగా చూడకండి. అంబు బ్యాగు, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, వాటిని వాడటం నేర్పే ఒక రోజు శిక్షణ, నర్సింగు చదివే మన ఆడపిల్లలకు స్కాలర్‌షిప్పు, ఇవి కూడా ప్రాణదానాలే. ఇచ్చిన ఆరు నెలల తరువాత వెళ్లి, ఇది ఎంతమందికి వాడారు, వారిలో ఎంతమంది ఇంటికి వెళ్లారు అని అడిగి రాయించుకోండి. అడగడం అనుమానం కాదు. నిజాం ప్రభుత్వం తన సొమ్ముతోనే తన పరిశోధనకు పరీక్ష పెట్టించింది కదా! మన సంస్థ వచ్చే సంచికలో వైద్య సహాయం వరుస పక్కన ఖర్చుతో పాటు ఆ రెండు అంకెలు కూడా అచ్చు వేస్తే బాగుంటుందని కార్యవర్గానికి సవినయంగా సూచిస్తున్నాను.

మనిషి చనిపోయిన తరువాత కూడా పుణ్యం ఆగని పనుల్లో కొనసాగే దానం, ఇతరులకు ఉపయోగపడే జ్ఞానం ఉన్నాయని మన పెద్దలు చెబుతారు. మంచి వైద్య పరిశోధనకు ఇచ్చిన సాయంలో ఆ రెండూ కలిసి ఉన్నాయి. దాని ఫలితాన్ని నిజాయితీగా రాసి ఉంచితే, అందులో పొరపాటు ఉన్నా తరువాతివారు దిద్దుకుని ముందుకు పోతారు. మనం ఇచ్చే ప్రతి రూపాయి ఎవరో ఒకరి ఊపిరి నిలిపేలా అల్లాహ్ అనుగ్రహించు గాక. ఆమీన్.